లింక్ పంపిస్తానన్నాను, బేరం పోయింది

పోయిన వారం పాతపట్నం నుంచి ఒక కుర్రాడు మా షాపుకొచ్చాడు. సీలింగ్ ఫ్యాను బేరమాడుతూ మధ్యలో ఆగి, "సార్, మీరు పుస్తకం వేశారంట కదా, మా నాన్న కూడా కథలు రాసి పెట్టుకున్నాడు, ఆన్‌లైన్‌లో పెట్టేద్దామనుకుంటున్నాం, పైసా ఖర్చు లేదంట కదా" అన్నాడు. ఫ్యాను బేరం పది నిమిషాల్లో తేలిపోయింది. ఆ "పైసా ఖర్చు లేదంట కదా" అన్న ముక్కకి జవాబు చెప్పడానికి మాత్రం గంటన్నర పట్టింది, మధ్యలో రెండు టీలు. అతనికి చెప్పినవీ, అప్పుడు గుర్తురాక తర్వాత తల కొట్టుకున్నవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

నాది పర్లాకిమిడిలో ఎలక్ట్రికల్ షాపు. ఫ్యాన్లు, వైర్లు, స్విచ్చులు, ఎండాకాలంలో కూలర్లు. మహేంద్రతనయ ఏరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. ఇటు ఒడిశా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడినప్పుడు గీత మా ఊరి పక్కనుంచి గీశారు, అప్పట్నుంచి కొందరికి పొలం అటు, ఇల్లు ఇటు. నా కౌంటర్ దగ్గర బేరం ఒడియాలో మొదలై తెలుగులో తెగుతుంది, లేదంటే తెలుగులో మొదలై ఒడియాలో చెడుతుంది. అలా ఇరవై ఏళ్లు విన్న మాటల్లోంచే కథలు రాశాను. మొత్తం 14 కథలు, 184 పేజీలు, డెమీ సైజు. పేరు 'ఏటి అవతల సంత'.

ఆ పేరు పెట్టడమే నా మొదటి తప్పేమో అని ఇప్పుడనిపిస్తుంది. మా వైపు ఏటి అంటే ఏమిటి అని కూడా కదా. ఎవరైనా "పుస్తకం పేరేటి?" అంటే "ఏటి అవతల సంత" అంటాను. "అదేనండీ, ఏటి?" అంటారు. రెండుసార్లు చెప్పాక కూడా అర్థం కాకపోతే అట్ట చూపిస్తాను. ఆన్‌లైన్‌లో అలా అట్ట ఎత్తి చూపించే వీలుండదు, ఆ సంగతి తర్వాత చెప్తాను.

ప్రింట్ ఆన్ డిమాండ్ (ఆర్డరు వచ్చాకే అచ్చు వేసే పద్ధతి) వైపు ఎందుకు వెళ్లానంటే స్టాకు భయం వల్ల. మా ఊళ్లో నాకు తెలిసిన పద్యకవి ఒకాయన రిటైరైనప్పుడొచ్చిన డబ్బులోంచి 1000 కాపీలు వేయించారు. 300 దాకా పంచారు, పంచడమే, అమ్మడం కాదు. మిగిలినవి మంచం కింద అట్టపెట్టెల్లో ఉండిపోయాయి. ఒక వానాకాలం తర్వాత పెట్టె లాగితే అడుగు లేచిరాలేదు, చెదలు. చెదలకి ఛందస్సు పట్టింపు లేదు, ఉత్పలమాలలూ కందాలూ అన్నీ ఒకే రుచితో తినేశాయి. ఆయన నవ్వుతూనే చెప్పారు గానీ నాకు ఆ పెట్టె అడుగు మనసులో ఉండిపోయింది. అలాంటిది ఎవరో "స్టాకే ఉండదు, ఎవరైనా ఆర్డరు పెడితే అప్పుడు ఒక్క కాపీ కొట్టి పంపుతారు" అంటే షాపువాడికి ప్రాణం లేచొచ్చినట్టే కదా. గోడౌన్ లేదు, అప్పు లేదు, సరుకు పాతబడటం లేదు.

ఇందులో అబద్ధమేమీ లేదు, ఆ మాట ముందే చెప్పాలి. మామూలు ప్రెస్సులో, అంటే ఆఫ్‌సెట్‌లో, ప్లేట్లు చేయించాలి, మిషను సెట్ చేయాలి, ఆ ఖర్చు 300 కాపీలకైనా 1000 కాపీలకైనా దాదాపు ఒకటే, కాబట్టి ఎక్కువ వేస్తే కాపీ చవకవుతుంది. డిజిటల్ మిషన్‌లో ఆ ప్లేట్ల గొడవ లేదు. ఒక్క కాపీ కూడా కొడతారు. కానీ మొదటి కాపీకి ఎంతో నూరో కాపీకీ దాదాపు అంతే. హోల్‌సేల్ అన్న మాటే లేని వ్యాపారం అది. ఇది నాకు ముందే తట్టాలి, ఇరవై ఏళ్లుగా డజను రేటూ పెట్టె రేటూ చూస్తున్నవాణ్ణి. సొంత పుస్తకం దగ్గరికొచ్చేసరికి తట్టలేదు.

లెక్క ఇదీ. పుస్తకం ధర 250 అని పెట్టాను. అందులో అచ్చు ఖర్చు 112. అమ్మే సైటు కోత 100. నాకు మిగిలేది 38. ధర తగ్గిద్దామంటే అచ్చు ఖర్చు తగ్గదు, 180 పెడితే నేనే ఎదురు ఇవ్వాలి. పెంచుదామంటే 184 పేజీల కొత్త రచయిత కథల పుస్తకం 300 పెట్టి ఎవరు కొంటారు? 250కే ముక్కు విరిచారు. దానిమీద కొనేవాళ్లకి డెలివరీ ఛార్జీ ఇంకో 60. పుస్తకాల మీద జీఎస్టీ లేదు, అది నిజమే, కానీ సైటువాళ్లు వసూలు చేసే కమిషన్ ఒక సేవ కాబట్టి దాని మీద 18 శాతం ఉంటుంది, అది ఆ కోతలో ఎక్కడో కలిసిపోతుంది, మనకి విడిగా కనపడదు. పైగా నా అచ్చు కంపెనీ (పేరు చెప్పను, వాళ్లొక్కళ్లే అని కాదు) వెయ్యి రూపాయలు దాటితేనే డబ్బు పంపుతుంది. అంటే 27 కాపీలు పోయాక మొదటిసారి నా ఖాతాలో డబ్బు పడుతుంది. 27వ కాపీ ఎప్పుడు పోయిందో చెప్తే నవ్వుతారు. తొమ్మిదో నెలలో.

ఇక ఫాంట్ల సంగతి. తెలుగులో పుస్తకం వేసే ప్రతివాడూ ఈ గోతిలో పడి లేవాల్సిందే అనుకుంటా. పాతపట్నంలో డీటీపీ చేసే అబ్బాయి అనూ ఫాంట్లలో కొట్టిచ్చాడు. మా వైపు పెళ్లిపత్రికలు, కరపత్రాలు, కర్మకాండల కార్డులు అన్నీ అందులోనే, కాగితం మీద ముత్యాల్లా పడతాయి. కానీ అది యూనికోడ్ కాదు, అంటే ఏ కంప్యూటరైనా తెలుగే అని గుర్తుపట్టే పద్ధతి కాదు. లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాల నంబర్లు, వాటికి పైన తెలుగు బొమ్మలు తొడిగారంతే. ఆ సంగతి నాకు ఎలా తెలిసిందంటే, సైటులో పుస్తకం పేరు రాసే గడి ఉంటుంది కదా, అందులో నా పేరూ పుస్తకం పేరూ కాపీ చేసి పేస్ట్ చేశాను, డాలరు గుర్తులూ కొమ్ములున్న ఇంగ్లీషు అక్షరాలూ కలిపి ఎవరో తిట్టినట్టు ఒక వరస పడింది. కంప్యూటర్ పాడైందనుకుని ఆపేసి మళ్లీ పెట్టాను కూడా.

సరే, మొత్తం యూనికోడ్‌లోకి మార్పించాం. మార్చాక పేజీలు పేర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే ఒత్తులు కింద ఉండాల్సినవి పక్కకొచ్చి కూర్చున్నాయి, 'అమ్మ'లో మ ఒత్తు విడిపోయి ఇల్లొదిలి వెళ్లినట్టు నిలబడింది. దానికి వరల్డ్ రెడీ కంపోజర్ అని ఒక ఆప్షన్ ఉంటుంది, పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో అది పెడితే గానీ మన ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కలవవు. ఇది తెలుసుకోడానికి మాకు ఆరు రోజులు పట్టింది, మీకు ఆరు సెకన్లు. లోపల అక్షరాలకి మండలి ఫాంటు పెట్టాను, ఉచితంగా దొరుకుతుంది, చదవడానికి బాగుంటుంది. అట్ట మీద పేరుకి గిడుగు ఫాంటు. అది హెడ్డింగులకే పనికొస్తుంది గానీ, గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊళ్లో పుట్టిన పుస్తకానికి ఆయన పేరున్న అక్షరాలు పెట్టుకున్నానన్న తృప్తి ఉంది చూశారూ, దానికి వెలకట్టలేం. ఫాంటు ఉచితమే అనుకోండి.

పంతులు గారి పేరెత్తాను కాబట్టి ఇది కూడా చెప్పాలి. మా చుట్టాల్లో ఒక తెలుగు మాస్టారు ప్రూఫులు చూశారు. నా కథనంలో అక్కడక్కడా "ఏటి" అని ఏమిటి అర్థంలో దొర్లింది. పాత్రల మాటల్లో ఉండొచ్చు గానీ కథ చెప్పేచోట "ఏమిటి" అనాలి అని ఆయన సలహా. వాడుక భాష కోసం అంత పోట్లాట జరిగిన ఊళ్లో ఇదేం సలహా అని నేను మనసులో గొణుక్కున్నాను గానీ పెద్దాయన కదా, సరే అన్నాను. డీటీపీ అబ్బాయి ఏం చేశాడంటే, ఒక్కొక్కటీ వెతకడం దండగని ఒక్క మీట నొక్కి పుస్తకం మొత్తంలో "ఏటి" ఉన్నచోటల్లా "ఏమిటి" చేసేశాడు. ఏటి ఒడ్డు ఏమిటి ఒడ్డయింది. ఏటి నీళ్లు ఏమిటి నీళ్లయ్యాయి. ఒక కథలో ముసలమ్మ "ఏమిటికి అడ్డంగా నడిచి వెళ్లింది". కూర్చుని 22 చోట్ల దిద్దాను, కళ్లు పోయాయి.

ఐఎస్‌బీఎన్, అంటే ప్రతి పుస్తకానికీ ఇచ్చే గుర్తింపు నంబరు, దాని గురించి రెండు ముక్కలు, ఎందుకంటే ఇక్కడ చాలామంది డబ్బు పోగొట్టుకుంటున్నారు. మన దేశంలో అది ఉచితం. కేంద్ర విద్యాశాఖ కింద రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఇస్తుంది, ఆన్‌లైన్‌లో మనమే దరఖాస్తు పెట్టుకోవచ్చు, రచయిత తన పేరు మీదే తీసుకోవచ్చు. "ఐఎస్‌బీఎన్‌తో కలిపి ప్యాకేజీ ఇంత" అని ఎవరైనా అంటే అందులో ఐఎస్‌బీఎన్ విలువ సున్నా అని గుర్తుపెట్టుకోండి. కంపెనీ ఇచ్చే నంబరు తీసుకుంటే ప్రచురణకర్తగా వాళ్ల పేరుంటుంది, రేపు వేరేచోటికి మారాలంటే మళ్లీ కొత్త నంబరు. ఇంకొకటి, ఇది ఎవరూ చెప్పరు. 1954 నాటి చట్టం ఒకటుంది, పుస్తకం ప్రచురించినవాడు కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, మరో మూడు గ్రంథాలయాలకీ తలో కాపీ తన ఖర్చుతో పంపాలి. నాలుగు కాపీలంటే నాకు 448 రూపాయలు, పోస్టు ఖర్చు వేరే. కాపీకి 38 చొప్పున అది తిరిగి రావాలంటే పన్నెండు అమ్ముడవ్వాలి. అయినా పంపాను. కోల్‌కతాలో ఏదో బీరువాలో నా సంత ఉంది అనుకుంటే బాగానే ఉంటుంది.

ఇక ఆవిష్కరణ. 2024 ఆగస్టు 29, పంతులు గారి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. అంతకంటే మంచి రోజేముంటుంది అని హాలు మాట్లాడాను. రచయిత కాపీలని ఉంటాయి, అచ్చు ఖర్చుకే మనకి ఇస్తారు, రవాణా మనదే. 12వ తేదీనే 50 కాపీలకి ఆర్డరు పెట్టాను. ట్రాకింగ్‌లో పార్శిల్ భువనేశ్వర్ వెళ్లింది, బరంపురం వచ్చింది, మళ్లీ భువనేశ్వర్ వెళ్లింది. నేను రోజుకి పదిసార్లు ఫోన్ తీసి చూడటం, మా ఆవిడ "ఎవరికైనా ఒంట్లో బాలేదా" అని అడగటం. 29 సాయంత్రానికి నా దగ్గరున్నది ఒకే ఒక్క ప్రూఫు కాపీ, నేను పెన్నుతో గీతలు పెట్టుకున్నది. దాన్నే బంగారు కాగితంలో చుట్టి రిబ్బను కట్టాం. నలభై మంది వచ్చారు. ముగ్గురు మాట్లాడారు, బాగా మాట్లాడారు, ఒకాయన నిజంగా చదివే మాట్లాడాడు.

అయిపోయాక టీ దగ్గర మా పాత హెడ్మాస్టారు చొక్కా జేబులోంచి ఐదొందల నోటు తీసి, "రెండు ఇవ్వవయ్యా, ఒకటి మా తమ్ముడికి" అన్నారు.

"కాపీలు ఇంకా రాలేదు మాస్టారూ, లింక్ పంపిస్తాను."

"లింకా?" అని నోటు అలాగే పట్టుకుని నిలబడ్డారు. "అది పెద్దక్షరాల్లో ఉంటుందా?"

నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఆ సాయంత్రం నన్ను పుస్తకం అడిగినవాళ్లు 17 మంది. నేను లెక్కపెట్టుకున్నాను, షాపువాడి అలవాటు. అందరికీ వాట్సాప్‌లో లింక్ పంపాను. ఆర్డరు పెట్టినవాళ్లు ఇద్దరు. ఆ పార్శిల్ సెప్టెంబరు 3న వచ్చింది, అప్పటికి నోటు జేబులోకి వెళ్లిపోయింది. చేతిలో నోటున్న మనిషిని వెనక్కి పంపకూడదని మా నాన్న నాకు పదహారో ఏట గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టి చెప్పాడు. ఫ్యాను విషయంలో ఎన్నడూ పంపలేదు.

ఆర్డరు పెట్టినవాళ్ల తిప్పలు ఇంకో రకం. ఒక పెద్ద సైటులో నా పుస్తకం నా షాపు పిన్ నంబరుకి "ఈ చిరునామాకి డెలివరీ లేదు" అని చూపించింది. మాది 761తో మొదలవుతుంది. సరదాగా ఏటి అవతల మేనల్లుడి ఇంటి పిన్ కొట్టాను, 532తో మొదలయ్యేది, వెంటనే "తొమ్మిది రోజుల్లో వస్తుంది" అంది. పర్లాకిమిడికి ఆ సైటు నుంచి మిక్సీలు వస్తాయి, చెప్పులు వస్తాయి, నా పోటీ షాపులకంటే తక్కువ రేటుకి ఫ్యాన్లు కూడా వస్తాయి, నా కడుపు కొట్టడానికి. నా పుస్తకం మాత్రం రాదు. ఎందుకంటే సరుకు ఎవరు పంపుతున్నారన్నదాన్ని బట్టి కొరియరు మారుతుంది, అచ్చు కంపెనీ తరఫున పంపేవాళ్ల కొరియరుకి మా వైపు రూటు లేదు. పర్లాకిమిడి గురించి రాసిన పుస్తకం పర్లాకిమిడిలో దొరకదు, నది దాటి తెచ్చుకోవాలి. కథల్లో రాస్తే అతి చేశాడంటారు.

ఆ తొమ్మిది రోజులు కూడా మామూలు విషయం కాదు. పక్కనే ఇంకో పుస్తకం "రేపే వస్తుంది" అని మెరుస్తుంటే, అచ్చు కొట్టి పంపాల్సిన నా పుస్తకం "తొమ్మిది రోజులు" అని దిగులుగా కూర్చుంటుంది. కొన్నాళ్లు ఏకంగా "ప్రస్తుతం అందుబాటులో లేదు" అని చూపించింది. స్టాకే ఉండని పుస్తకానికి స్టాకు అయిపోవడం ఏమిటి? అడిగితే సిస్టమ్ అప్‌డేట్ అవుతోందన్నారు. అదే సమయంలో ఎవరో ముక్కూ మొహం తెలీని సెల్లర్ అదే పుస్తకాన్ని 689కి పెట్టాడు. వాడి దగ్గర కాపీ ఉందా అంటే ఉండదు, ఎవరైనా పొరపాటున 689 పెడితే అప్పుడు 250కి కొని పంపుతాడు. మా బజార్లో ఇలా చేస్తే రెండో రోజుకి తెలిసిపోతుంది.

అందరికంటే ముందు పుస్తకం అందుకున్నది రాయగడలో ఉండే మా మేనత్త. కొడుకు చేత ఆర్డరు పెట్టించింది. వచ్చిన సాయంత్రమే ఫోను.

"ఒరేయ్, నువ్వు హిందీలో రాయడం ఎప్పుడు నేర్సినావురా?"

"హిందీ ఏటత్తా?"

"ఏటేటి? అట్ట మీద నీ బొమ్మే ఉంది. లోపల అంతా హిందీ. అంకెలూ గీతలూ ఉన్నాయి, షేర్లంటున్నాడు మా ఓడు."

నా అట్టలో ఎవరిదో షేర్ మార్కెట్ పుస్తకం కుట్టేశారు, కుట్టడం కూడా కాదు, గమ్ము. ఒకే మిషన్ మీద ఒకదాని వెనక ఒకటి వేరే వేరే పుస్తకాలు నడుస్తాయి కదా, అట్టలు ఒక వరసలో, లోపలి కాగితాలు ఇంకో వరసలో. ఒక్కటి వరస తప్పితే ఎవరి తల ఎవరి మొండేనికో. కంపెనీ కొత్త కాపీ పంపింది, అది ఒప్పుకోవాలి. కానీ ఎక్కడో ఒక షేర్ మార్కెట్ పుస్తకం కొన్న మనిషికి లోపల నా సంత వెళ్లి ఉంటుంది కదా, ఆయనేమనుకున్నాడో.

వెతకడం గురించి చెప్తానన్నాను. సైటులో తెలుగు లిపిలో పేరు కొడితే ఒక్కోసారి దొరుకుతుంది, ఒక్కోసారి దొరకదు. మనవాళ్లు మాత్రం ఎక్కువమంది ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు. 'ఏటి' అని ఇంగ్లీషులో ఎలా రాస్తారు? ఒకరు ఈతో మొదలుపెడతారు, ఒకరు ఏ ఈ, ఒకరు వై ఈ. వై ఈ టీ ఐ అని కొట్టినవాళ్లకి హిమాలయాల మంచుమనిషి పిల్లల పుస్తకాలొస్తాయి, వాటి కింద థర్మస్ గ్లాసులు. నా స్నేహితుడు ఒకడు నిజంగానే స్క్రీన్‌షాట్ పెట్టి "ఇందులో నీది ఏది?" అని అడిగాడు. కాబట్టి వివరాలు నింపేటప్పుడు కీవర్డ్ గళ్లలో జనం రాయగల అన్ని స్పెల్లింగులూ పెట్టండి, సిగ్గుపడకండి. ఇంకా మంచిది, పేరు పెట్టేముందే ఒకసారి ఇంగ్లీషులో కొట్టి చూసుకోండి.

ఈ-బుక్ పెట్టొచ్చు కదా అని అడిగారు కొందరు. అమెజాన్ వాళ్ల కిండిల్ 2016 డిసెంబరులో భారతీయ భాషల పుస్తకాలు మొదలుపెట్టినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం తీసుకున్నారు. ఆ ఐదింటిలో మనం లేము. తెలుగు ఈ-బుక్కులకి వేరే సైట్లున్నాయి, కానీ మా హెడ్మాస్టారికి లింకే పెద్దక్షరాల్లో కావాలి, ఇక ఈ-బుక్ మాట ఎత్తలేదు.

రివ్యూలు: చుట్టాల చేత రాయించకండి, చాలా సైట్లలో అది నియమాలకి విరుద్ధం, తీసేస్తారు. నావి నాలుగుంటే రెండు పోయాయి. పోయినవాటిలో ఒకటి నిజంగానే బాగా రాసింది.

ఇదంతా చెప్తుంటే ఆ కుర్రాడు అడిగాడు, "మరి లోపం ఎక్కడుంది సార్, సైటులోనా, పుస్తకంలోనా?" అని. నేను ఆలోచించి చెప్పిందేమిటంటే, మనం ఎవరికి అమ్ముతున్నామో చూసుకోలేదు. ఏటికి ఇటువైపు తెలుగు పుస్తకం చదివేవాళ్లు ఎవరు? నా వయసువాళ్లు, నాకంటే పెద్దవాళ్లు. మా అమ్మాయి ఒడియా మీడియంలో చదువుకుంది, తెలుగు గలగలా మాట్లాడుతుంది, చదవమంటే కూడబలుక్కుంటుంది, నా కథలు దానికి నేనే రాత్రిళ్లు చదివి వినిపించాను. గుణుపురంలో, బరంపురంలో మా చుట్టాల పిల్లలూ అంతే. ఫోన్లో ఆర్డరు పెట్టగలవాళ్లకి తెలుగు చదవడం రాదు, తెలుగు చదవగలవాళ్లకి ఫోన్లో ఆర్డరు పెట్టడం రాదు. మధ్యలో నా లింకు.

అందుకని 2025 ఫిబ్రవరిలో మళ్లీ మొదటికొచ్చి, ఏ పని చేయకూడదనుకున్నానో అదే చేశాను. ఆఫ్‌సెట్‌లో 300 కాపీలు. 21,600 అయింది, కాపీ 72. సగం గల్లాలోంచి, సగం మా ఆవిడ చీటీ డబ్బు. 1000 వేస్తే ఇంకా చవకని ప్రెస్సాయన ఊరించాడు, నాకు చెదలు గుర్తొచ్చాయి. అట్ట మీద 250 ధర అలాగే ఉంచి చేతికి 150కి ఇస్తున్నాను, లేకపోతే రెండుచోట్ల రెండు ధరలేమిటని అడుగుతారు. పాతపట్నంలో ఒక మందుల షాపులో పది, టెక్కలిలో పుస్తకాల కొట్లో పది, బరంపురంలో స్నేహితుడి బట్టల షాపులో పదిహేను, అమ్మిన తర్వాతే డబ్బు, నూటికి ముప్పై వాళ్లకి. ఎక్కువ నా కౌంటర్ మీదే పోయాయి. వైరు చుట్ట కొలిచేలోపు మనిషి పుస్తకం తీసి నాలుగు లైన్లు చదువుతాడు. ఊరి పేరు కనపడితే ఆగిపోతాడు. బిల్లులో కలిపేయమంటాడు. ఏ సైటూ ఆ నాలుగు లైన్లు చదివించలేకపోయింది. ఇప్పటికి 190 పోయాయి, 110 ఫ్యాన్ల పెట్టెల మీద, నేలకి దూరంగా ఉన్నాయి.

దూరం వాళ్లకి పోస్టు. ఇక్కడ కూడా ఒక మెలిక పడింది, రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ అని చవకగా ఉండేది, నేను దానికి అలవాటు పడేలోపు 2024 డిసెంబరులో ఎత్తేశారు. కౌంటర్లో అమ్మాయి "ఆ ఆప్షనే ఇప్పుడు కంప్యూటర్లో లేదండీ" అంటే నమ్మలేదు. 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ అని వచ్చింది, 300 గ్రాముల దాకా 20 రూపాయలు, పన్ను అదనం, 5 కిలోల దాకా 100. నా పుస్తకం కాటా మీద 215 గ్రాములు, కవరూ అట్టముక్కా కలిపితే 240. సరిపోతుంది. రోడ్డు మీదో రైల్లోనో వెళ్తుంది కాబట్టి నెమ్మది, కానీ ట్రాకింగ్ ఉంది. పుస్తకంలో ప్రచురణకర్త పేరో ప్రెస్సు పేరో ఉండాలి, ప్రకటనలుంటే తీసుకోరు.

పోస్టులో పంపేటప్పుడు ఇంకొకటి జరుగుతుంది. చిరునామా నేనే రాస్తాను. అనకాపల్లి, ఆదోని, భిలాయ్ రైల్వే క్వార్టర్స్. నోటుపుస్తకంలో ఎక్కించుకుంటాను. రెండు వారాల తర్వాత ఫోన్ చేసి "అందిందా అండీ" అంటే ఒకాయన అరగంట మాట్లాడాడు, వాళ్ల అమ్మమ్మది మా ఊరే అట. రేపు రెండో పుస్తకం వేస్తే ముందు ఎవరికి చెప్పాలో నాకు తెలుసు. సైటు మాత్రం ఎవరు కొన్నారో ససేమిరా చెప్పదు. మూడు నెలలకోసారి ఒక రిపోర్టు, అందులో అంకె. పేరు లేదు, ఊరు లేదు.

మరి ప్రింట్ ఆన్ డిమాండ్ తీసేశానా అంటే లేదు. ఉండనిచ్చాను. బెంగళూరులో, పూణెలో ఉన్నవాళ్లకి అదే సుఖం, నేను రేపు 300 కాపీలూ అమ్మేసినా పుస్తకం లేకుండా పోదు. తప్పు దిద్దుకోవచ్చు కూడా, కొత్త ఫైలు పెడితే ఆ మర్నాటి నుంచి వచ్చే కాపీలన్నీ దిద్దినవే, దానికీ ఒక ఫీజు కట్టాలనుకోండి. కుర్రాడికి చెప్పింది కూడా ఇదే. ప్యాకేజీలేవీ కొనకు, ప్రూఫు కాపీ తెప్పించుకుని మొదటి పేజీ నుంచి చివరి దాకా గట్టిగా చదువు, మీ నాన్న చేతిలో మొదట ఓ వంద కాపీలు పెట్టు, ఆ తర్వాత లింకు. అతను "సరే సార్, ఫ్యాను మీద ఇంకో యాభై తగ్గించండి" అన్నాడు. తగ్గించాను.

మొన్న తాజా రిపోర్టు వచ్చింది. 14 నెలల్లో ఆన్‌లైన్‌లో మొత్తం 41. ఈ మూడు నెలల్లో మూడు. అందులో ఒకటి మా తోడల్లుడు, చెప్పే కొన్నాడు. రెండోది నాతో చదువుకున్న ఒకాయన, ఫోటో పంపాడు. మూడోది ఎవరో తెలీదు. అన్ని గ్రూపుల్లోనూ అడిగాను, ఎవరూ మేమని అనలేదు. నేను దిద్దిన ఫైలు పెట్టడానికి నాలుగు రోజుల ముందు పోయింది ఆ కాపీ.

అది మీరే అయితే, 61వ పేజీ తీయండి, పైనుంచి ఐదో లైను. "ఏమిటి గట్టు మీద గేదెలు నిలబడి ఉన్నాయి" అని ఉంటుంది. పెన్నుతో దిద్దుకోండి. అది ఏటి గట్టు.